లుత్ఫీ యంత్రానికి మనసు లేదు

ఆ శనివారం ఉదయం రాగిబ్ పథకం చిన్నదే. లుత్ఫీ కొత్త నవల సభకు వెళ్లాలి, ఒక్క ప్రశ్నతో వాడి పరువు తీయాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. అలెగ్జాండ్రియాలో ఆలోచించే యంత్రాల కథలు ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్నది వీళ్లిద్దరే. ఈ ఏడు బహుమతి లుత్ఫీకి వచ్చింది. అప్పటినుంచి రాగిబ్‌కు నిద్ర లేదు.

"ఇంతకీ ఆ పుస్తకం చదివారా?" అంది భార్య ఇన్షిరాహ్, ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ గిన్నె ముందు పెడుతూ.

"అట్ట చూశాను. చాలు."

సభలో రాగిబ్ లేచి నిలబడ్డాడు. "లుత్ఫీ, నీ యంత్రానికి మనసు లేదు. ఎవరో నేర్పిన మాటలు అప్పజెబుతుందంతే."

హాలంతా నవ్వింది. రాగిబ్‌కు తెలియనిదేమిటంటే, నవల నిండా రేవులో పనిచేసే ఒక ముసలి యంత్రం కొత్తగా వచ్చిన యంత్రాన్ని చూసి కుళ్లుకుంటూ ఉంటుంది. అది మొదటి పేజీలో అనేది సరిగ్గా ఈ మాటే. రాగిబ్ దాని వేషం కట్టాడనుకున్నారు జనం.

"నవ్వకండి. వీడికంటే ముందునుంచీ ఉన్నవాణ్ని నేను" అన్నాడు ఒళ్లు మండి.

అదీ పుస్తకంలో ఉంది. చప్పట్లు మోగాయి.

"అసలు నేనా చెత్త చదవనే లేదు."

ముసలి యంత్రం కొత్తదాని కవిత్వాన్ని చదవకుండానే తిట్టే ఘట్టం అందరికీ ఇష్టమైనది. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

లుత్ఫీ వేదిక దిగి వచ్చి స్నేహితుణ్ని కౌగిలించుకున్నాడు. "నిన్ను చూసే రాశానురా ఆ ముసలిదాన్ని. కోపమొస్తుందేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. పుస్తకంలో మనసున్నది దానికొక్కదానికే."

 ఎవరైనా తనను అంత శ్రద్ధగా గమనించారని రాగిబ్‌కు తోచడం అదే మొదటిసారి. ఈలోగా ఆ నవలను రేడియో నాటకంగా చేస్తున్న దర్శకురాలు దగ్గరికి వచ్చింది.

"ఉస్తాద్, ముసలి యంత్రానికి గొంతు దొరక్క నెలనుంచి తిరుగుతున్నాను. మీరే చెయ్యాలి."

"చేస్తాను" అన్నాడు రాగిబ్ కళ్లొత్తుకుంటూ. "మరి కొత్త యంత్రం గొంతెవరిది?"

"లుత్ఫీగారిదే."

రాగిబ్ ఆవిణ్ని కాస్త పక్కకు తీసుకెళ్లాడు.

"వాడికి ఎన్ని డైలాగులున్నాయి?"