రిబ్బన్ కట్టిన పడవ

ఈ ఏడాది గోదావరి వరదను కనీవినీ ఎరుగని రీతిలో, అత్యంత ఘనంగా నిర్వహిస్తామని విపత్తుల శాఖ మంత్రి చంద్రరావు గారు రాజమండ్రిలో ప్రకటించారు. గత ప్రభుత్వం వరదల విషయంలో ప్రజలను తీవ్రంగా నిర్లక్ష్యం చేసిందనీ, తమ హయాంలో ఏ ఒక్క లంకకూ అన్యాయం జరగనివ్వమనీ హామీ ఇచ్చారు. విలేకరులు ఏమీ అడగలేదు. టిఫిన్ బాగుందని మాత్రం అన్నారు.

ఈ వార్తను ధవళేశ్వరంలో ఆశీర్వాదం మాస్టారు రెండుసార్లు చదివాడు. ఆయన హైస్కూల్లో సోషల్ చెబుతాడు. సాయంత్రాలు 'ముందుజాగ్రత్త' అనే బ్లాగు రాస్తాడు. బ్లాగంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి. కంప్యూటర్లో డైరీ రాసి ఊరందరికీ చూపించడం అని తెలుసుకున్నాక, మాస్టారి మీద జనానికి కొంచెం జాలి కూడా కలిగింది.

బ్లాగులో ఆయన రాసేవన్నీ పనికొచ్చే సంగతులే. వరద కబురు రాగానే రేషన్ కార్డు ఎందులో చుట్టి పెట్టాలి, గ్యాస్ బండ కొట్టుకుపోకుండా దేనికి కట్టాలి, నీళ్లతోపాటు ఇంట్లోకి పాము వస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి. ప్రకటనలు వేసుకోడు. హైదరాబాదులో, బెంగుళూరులో, సింగపూరులో ఉంటున్న గోదావరి వాళ్లు చదువుతారు. వాళ్లే తలా కాస్తా వేసుకుని నెట్ బిల్లు కడతారు. ఒకాయన కీబోర్డు పంపాడు, ఇంకొకావిడ పాత ప్రింటర్ పంపింది.

"మీ పాఠకులు చల్లగా ఉండాలి గానీ, మన పెంకులు కారుతున్నాయని కూడా ఒక పోస్టు రాయకూడదూ?" అనేది భార్య ప్రసన్నకుమారి, కంప్యూటర్ పక్కన బకెట్టు జరుపుతూ. మాస్టారు నవ్వి తర్వాతి పోస్టు మొదలుపెట్టేవాడు. వానాకాలం ముందు ఇంటి పెంకు నేయించుకోవడం గురించి ఆయన ఏప్రిల్లోనే చాలా మంచి పోస్టు రాశాడు.

బ్యారేజీకి దిగువన, ఏటిగట్టుకి అవతల, నీళ్ల మధ్య దిబ్బలా కొత్తపాకల లంక ఉంది. అరటితోటలు, ముప్పై నలభై గడప. వరదొస్తే అక్కడివాళ్లు అరటిబోదెలు కొట్టి తెప్పలు కట్టుకుని ఇవతలి గట్టుకి చేరతారు. ఈ సంగతి మాస్టారు బ్లాగులో రాస్తే పాఠకుల మనసు కరిగింది. అందరూ కూడి ఆ లంకకని ఒక ఫైబర్ పడవ కొన్నారు. దానికి ఇంజను, ఎనిమిది లైఫ్ జాకెట్లు, బొటనవేలంత లావు నైలాన్ తాడు. అన్నీ కలిపి కాకినాడ నుంచి లారీలో పంపారు. మాస్టారికి ఆ రోజు అన్నం సహించలేదు, అంత సంతోషం.

పడవ లారీ దిగిన గంటకు కారులోంచి పెదబాబు దిగాడు. ఆయన మండల పార్టీ అధ్యక్షుడు. ఆ మండలంలో ఏ మంచి జరిగినా దాన్ని ఒంటరిగా వదలడు.

"మాస్టారూ, పడవొచ్చిందట! మాకు మాటమాత్రం చెప్పలేదేంటండి?"

"పాఠకులు పంపారండి. రేపు లంకవాళ్లకి అప్పగించేద్దామని..."

"ప్రారంభోత్సవం లేకుండానా?" పెదబాబు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎవరైనా వింటే నవ్విపోతారండి. చంద్రరావు గారి చేతుల మీదుగా జరగాలిది."

"సరేనండి, రేపే పిలవండి."

"రేపేంటండి! రేవులో మోకాలి లోతు నీళ్లు లేవు. అందులో వరద పడవ దింపితే ఫొటో ఏం బాగుంటుందండి? వరద రానివ్వండి."

"వరదొచ్చాక జనాన్ని దాటించాలి కదండీ?"

"దాటిద్దాం. ముందు రిబ్బను, తర్వాత జనం. ప్రోటోకాల్ అండి అది."

మాస్టారు ఇంకా ఏదో అనబోయాడు. పెదబాబు ఎంతో ఆప్యాయంగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ స్కూల్లో మీరు చాలా ఏళ్లుగా ఉన్నట్టున్నారు. మారేడుమిల్లి అడవుల వైపు గాలి మంచిదంటారు, ఎప్పుడైనా వెళ్లారా?"

మాస్టారు వెళ్లలేదు, వెళ్లాలనీ లేదు. ఇంజను తాళంచెవి భద్రత నిమిత్తం పెదబాబు జేబులోకి వెళ్లింది. పడవను రేవు పక్కన గట్టు వాలు మీద పెట్టి, దాని నైలాన్ తాడుతోనే రాతిస్తంభానికి కట్టారు. ముందుభాగానికి అడ్డంగా ఎర్ర శాటిన్ రిబ్బన్ కూడా కట్టించాడు పెదబాబు. ఎప్పుడు వరదొచ్చినా ఆలస్యం కాకూడదని ఆయన ముందుచూపు.

అసలు బ్లాగంటే ఏమిటో చూడాలని మంత్రిగారు ముచ్చటపడ్డారు. ఒక ఆదివారం ఆరు కార్లతో మాస్టారి ఇంటికి వచ్చారు.

"ఏదయ్యా బ్లాగు?"

"ఇదేనండి," అని మాస్టారు తెర చూపించాడు.

"ఇది కంప్యూటరు కదా. బ్లాగెక్కడ?"

"అందులోనే ఉందండి."

మంత్రిగారు వంగి కంప్యూటర్ వెనక్కి కూడా చూశారు. వైర్లు చాలా ఉండడంతో తృప్తిపడ్డారు. "ప్రారంభోత్సవం ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండి. మూడేళ్లుగా నడుస్తోందండి."

"ప్రారంభం కాకుండానే నడుస్తోందా? డేంజర్ కదయ్యా!" అన్నారాయన. పెదబాబు జేబులోంచి కొబ్బరికాయ వచ్చింది.

"మేం చర్చికి వెళ్లేవాళ్లమండి," అంది ప్రసన్నకుమారి గుమ్మంలోంచి.

"పర్లేదమ్మా, నీళ్లు ఎవరికైనా నీళ్లేగా," అని మంత్రిగారు కాయ కొట్టారు. ఆ నీళ్లు సింగపూర్ పాఠకుడు పంపిన కీబోర్డులోకి దిగాయి. కప్పు కారినప్పుడు పెట్టే బకెట్టు ఆ రోజు అక్కడ లేదు. చప్పట్ల మధ్య మంత్రిగారు, ఈ బ్లాగును జిల్లాలోని ప్రతి మండలానికీ పైపుల ద్వారా అందిస్తామని ప్రకటించారు. అప్పటి నుంచి మాస్టారు మూలన పెట్టేసిన తన పాత కీబోర్డు మీద, 'ప' నొక్కితే రెండు 'ప'లు పడుతుంటే ఒకటి చెరుపుకుంటూ రాశాడు.

ఆగస్టులో ఎగువన వానలు మొదలయ్యాయి. భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని రేడియో చెప్పింది. పెదబాబు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీరు ఎక్స్‌పర్టు కదా. మంత్రిగారిని ఏ హెచ్చరికకి పిలిస్తే బాగుంటుందంటారు? మొదటి ప్రమాద హెచ్చరిక మరీ చిన్నది. మూడోది ఇచ్చారంటే రోడ్డు మునిగి కార్లు రావు. రెండోదయితే మీడియంగా ఉంటుందనుకుంటున్నానండి."

"వరద మన మాట వింటుందా అండి? లంకలో జనం ఉన్నారు. తాళంచెవి ఇప్పించండి చాలు."

"ఒక్కరోజు ఓపిక పట్టండి. ఆహ్వానాలు కూడా వేయించాం. వందన సమర్పణ మీదే."

మొదటి హెచ్చరిక ఇచ్చారు. బ్లాగు మీద ప్రశ్నలు వచ్చి పడ్డాయి. 'పడవ దింపారా మాస్టారూ?' అని బెంగుళూరు. 'ఎంతమందిని దాటించింది? ఫొటో పెట్టండి,' అని సింగపూరు. మాస్టారు 'ఏర్పాట్లు జరుగుతున్నాయి' అని జవాబు రాశాడు. అది మంత్రిగారి మాటలా ఉందని ఆయనకే అనిపించి సిగ్గేసింది. ఈ పడవను నమ్ముకుని ఎక్కడో కూర్చున్న మనుషులు ఈ రాత్రి హాయిగా నిద్రపోతారు, అదే ఆయన బాధ.

మర్నాడు ఉదయం రెండో హెచ్చరిక వచ్చింది. మాస్టారు రేవుకి పరుగెత్తాడు. నీళ్లు గట్టు వాలు ఎక్కి పడవ కిందికి చేరాయి, అది బంతిపూల దండలతో తేలి ఊగుతోంది. పక్కనే షామియానా లేచింది. మైకులో దేశభక్తి గీతం వస్తోంది. పెదబాబు, ఆయన మనుషులు ఏడుగురు లైఫ్ జాకెట్లు వేసుకుని కుర్చీలు సర్దుతున్నారు.

అవతల లంకవాళ్లు ఎప్పటిలాగే తెప్పలు కట్టుకున్నారు. ఒక్కో తెప్పా పిల్లలతో, కోళ్లతో, మూటలతో ఇవతలికి చేరుతోంది. మాస్టారు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి గట్టెక్కించాడు. అందరికన్నా చివర పాపాయి అనే ఆవిడ ఒక్కతే గెడ వేసుకుంటూ ఖాళీ తెప్ప మీద వచ్చింది.

"మాస్టారండీ, మా ఆయన ఉండిపోయాడండి," అంది వగరుస్తూ. ఆమె మొగుడు అబ్బులు నెల కిందట కొబ్బరిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా సిమెంటు కట్టు. "తెప్ప మీద కూచోలేడు, జారిపోతన్నాడండి. ఇంట్లో మంచం పట్టెల దాకా నీళ్లొచ్చేశాయి. ఆ పడవొక్కసారి పంపండి బాబూ."

మాస్టారు పెదబాబు దగ్గరికి వెళ్లాడు. "తాళంచెవి ఇవ్వండి. పది నిమిషాల్లో తెచ్చేస్తాం."

"మంత్రిగారు బొమ్మూరు దాటేశారండి. ఇప్పుడు తీస్తే రిబ్బను తెగుతుంది కదా? తెగిన రిబ్బన్ని ఆయన మళ్లీ ఎలా కొయ్యాలి, మీరే చెప్పండి. పైగా ఓపెనింగులో మొదటి ప్యాసింజరుగా కాలు విరిగినోడు ఎక్కితే శకునం ఏం బాగుంటుందండి?"

మాస్టారికి జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నీళ్లలోకి తోసెయ్యాలనిపించింది. కానీ ఆ మనిషి లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నాడు. ఏమీ చెయ్యలేక తిరిగి వచ్చాడు.

పాపాయి ఆయన మొహం చూసి అర్థం చేసుకుంది. "పోనీ ఆ తాడన్నా ఇయ్యండి. తెప్పకి కట్టేసి తెచ్చుకుంటాను. నీళ్లలో నానినా జారని తాడిది."

తాడు విషయంలో ప్రోటోకాల్ ఏమీ లేదు. మాస్టారు వంగి స్తంభానికున్న ముడి విప్పాడు. పడవ ముక్కు దగ్గర ముడి కూడా విప్పి, మొత్తం తాడు పాపాయి చేతిలో పెట్టాడు. ఆమె గెడ వేసుకుంటూ వెళ్లిపోయింది. ఇప్పుడు పడవ పోకుండా ఏదో ఒకటి ఉండాలి. పడవకి అడ్డంగా పెదబాబు కట్టించిన రిబ్బన్ బాగా పొడుగ్గా ఉంది. మాస్టారు దాన్నే విప్పి, నాలుగు మడతలు వేసి, స్తంభానికీ పడవకీ గట్టిగా బిగించాడు. రేవు మూలన నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి కాబట్టి ఆ మాత్రం ఆగుతుందని ఆయన లెక్క. పాపాయి రాగానే తాడు మళ్లీ కట్టేయవచ్చు.

అవతలి నుంచి పాపాయి తెప్ప కనబడేసరికి ఇటు సైరన్లు మోగాయి. మంత్రిగారు దిగారు. గట్టు మీద తడిసి నిలబడ్డ జనాన్ని చూసి ఆగారు.

"వీళ్లెవరు?"

"లంకవాళ్లండి," అన్నాడు పెదబాబు.

"లంకవాళ్లు లంకలో ఉండాలి కదా? ఇక్కడున్నారేంటి?"

"వచ్చేశారండి."

"ఎవరు రమ్మన్నారు? మరి మనం ఎవర్ని కాపాడాలి?" మంత్రిగారి కంఠంలో నిజమైన ఆవేదన ఉంది. "ఓ పదిమందిని మళ్లీ అవతలికి పంపించు. ముందు ఓపెనింగ్ అయిపోనీ."

కత్తెర పళ్లెంలో వచ్చింది. మాస్టారు మైకు పక్కనుంచి ముందుకి దూరాడు. "సార్! రిబ్బన్ కొయ్యకండి సార్! ఒక్క రెండు నిమిషాలు..."

"మాస్టారూ, మీ వందన సమర్పణ చివర్లో అండి," అని పెదబాబు ఆయన్ని వెనక్కి లాగాడు.

"పడవని పట్టుకున్నది అదేనండి!"

"ఆయ్, అవునండి, మంత్రిగారు పట్టుకున్నారు," అన్నాడు పెదబాబు, కెమెరాల వైపు నవ్వుతూ.

మంత్రిగారు రిబ్బన్ కోశారు. నాలుగు మడతలు కాబట్టి రెండుమూడుసార్లు కొయ్యాల్సి వచ్చింది. ఇంత దళసరి రిబ్బన్ జిల్లాలో ఎవరూ కట్టలేదని మెచ్చుకున్నారు కూడా. చప్పట్లు మారుమోగాయి. పడవ ఒకసారి ఊగి, మెల్లగా వెనక్కి జరిగి, దండలతో సహా ఏటి మధ్యకి చేరుకుంది. అక్కడి నుంచి వేగం అందుకుంది.

"కదిలింది!" అన్నారు మంత్రిగారు మురిసిపోతూ.

"సార్, ఇంజను ఆన్ చెయ్యలేదండి," అన్నాడు పెదబాబు, జేబులో తాళంచెవి తడుముకుంటూ.

"మరి వెళుతోందిగా?"

"వెళుతోందండి."

"మైలేజీ బాగుందయ్యా," అన్నారు మంత్రిగారు. ఆ పడవను ప్రజలకు అంకితం చేస్తున్నట్టు మైకులో ప్రకటించారు. ప్రజలు గట్టు మీద నిలబడి, సముద్రం వైపు వెళ్లిపోతున్న పడవను చూశారు. అదే సమయానికి పాపాయి తెప్ప రేవుకి తగిలింది. అబ్బులు తాడుతో తెప్పకి బిగించి కట్టి ఉన్నాడు. కాలు ఆకాశం వైపు, మొహం మంత్రిగారి వైపు. అతను నమస్కారం పెట్టబోయాడు గానీ చేతులు కూడా కట్టేసి ఉన్నాయి.

మర్నాటి పేపర్లో మంత్రిగారి ఫొటో కత్తెరతో సహా వచ్చింది. పడవ ప్రజాసేవలో నిమగ్నమైందని కింద రాశారు. బ్లాగులో పాఠకులు పొంగిపోయారు. 'మన పడవ పేపర్లో పడింది! రెండో పడవ కూడా పంపుదామా మాస్టారూ?' అని అడిగారు. పెదబాబు కూడా ఫోన్ చేసి, రిబ్బన్ ఇంకా చాలా మిగిలిందని చెప్పాడు.

మాస్టారు పాత కీబోర్డు ముందు కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తే మారేడుమిల్లికి బదిలీ. రాయకపోతే ఆ పాఠకులు ఇంకో పడవ పంపుతారు. పెంకుల్లోంచి చుక్కలు బకెట్లో పడుతున్నాయి. 'పడవ' అని కొట్టాడు. రెండు 'ప'లు పడ్డాయి. ఒకటి చెరిపాడు.

గుమ్మంలో ఎవరో పిలిచారు. ప్రసన్నకుమారి వెళ్లి తలుపు తీసింది. పాపాయి నిలబడి ఉంది. చేతిలో నైలాన్ తాడు, ఉతికి ఆరబెట్టి, చక్కగా చుట్ట చుట్టినది.

"ఇదిగోండి మాస్టారూ, మీ తాడు," అంది. "పడవ తిరిగొచ్చాక మళ్లీ కట్టుకుంటారని తెచ్చానండి."