మర్యాద తెలియని తలుపు

కోడలు నిప్పు చదువు చదువుతోందని అత్తగారు అందరికీ చెప్పుకునేది. అసలు పేరు చాలా పొడుగు. మేడకు నిప్పంటుకుంటే లోపలి మనుషులు ఎలా బతికి బయటపడాలో నేర్పే పెద్ద ఇంజనీరింగు చదువది. ఆ ఉదయం దాని ఆఖరి పరీక్ష, వాళ్ళు అద్దెకుండే మేడలోనే.

ఏర్పాటు చిన్నదే. కింద ఖాళీ గదిలో నాటకాలవాళ్ళ పొగమిషను పెడతారు. ప్రతి అంతస్తులోనూ మెట్లదారికి ఒక బరువైన తలుపుంది. వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. పొగ కిందనే ఆగిపోవాలి. నాలుగో అంతస్తు మెట్ల మీద నిలబడ్డ ప్రొఫెసరు హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకుంటే డిగ్రీ. దగ్గితే ఇంకో ఏడాది.

"నేనేం చెయ్యాలే?" అంది అత్తగారు.

"ఏమీ చెయ్యకండి అత్తయ్యా. ఆయన్ని నవ్వుతూ పలకరించండి చాలు."

ఏమీ చెయ్యకుండా ఉండడం ఆవిడకి చిన్నప్పటినుంచీ చేతకాదు. కిందికి దిగి తలుపు తోసి చూసింది. వదలగానే అది ధడాలున వచ్చి మోచేతికి తగిలింది. అంత చదువుకున్నాయన మొహం మీద కూడా ఇలాగేనా? ముక్కాలిపీట తెచ్చి తలుపుకి అడ్డం పెట్టింది.

మొదటి అంతస్తు దర్జీ చూశాడు. "పీటెందుకమ్మా?"

"పెద్దమనిషి వస్తున్నాడు. తలుపులు మూసుకుని కూర్చుంటే ఏమనుకుంటాడు?"

"అయితే మేం మాత్రం తక్కువ తిన్నామా?"

దర్జీ తన తలుపుకి ఇస్త్రీపెట్టె పెట్టాడు. అది చూసి రెండో అంతస్తు టీచరమ్మ లావుపాటి నిఘంటువులు పేర్చింది. మూడో అంతస్తు కంట్రాక్టరు అందరికంటే ఘనంగా ఉండాలని నిండు గ్యాసుబండ దొర్లించుకొచ్చాడు.

ప్రొఫెసరుకి మోకాళ్ళనొప్పులు. లిఫ్టులో పైకి వెళ్ళిపోయాడు. మర్యాదంతా మెట్లదారిలోనే మిగిలిపోయింది.

కోడలు వీధిలో నిలబడి మీట నొక్కింది. పొగ పీట దాటింది. తెరిచిన తలుపు కనపడ్డచోటల్లా లోపలికి తొంగిచూసి పలకరించుకుంటూ పైకెక్కింది. కాసేపటికి ప్రొఫెసరు కనపడడం మానేశాడు. దగ్గొక్కటే వినపడుతోంది.

"అయ్యో, పెద్దాయన కాలిపోతున్నాడర్రా!" అంటూ అత్తగారు నాలుగో అంతస్తుకి పరుగెత్తి, దగ్గు వినపడ్డ వైపు బకెట్టెడు నీళ్ళు గుమ్మరించింది. దగ్గు ఆగిపోయింది. ఆ కేక విని, బయటికి పరుగెత్తాల్సిన జనమంతా చూద్దామని పైకి పరుగెత్తుకొచ్చారు.

వెనకే కోడలు, చంకలో పీటతో. "నా ఏడాది పోయింది అత్తయ్యా."

అత్తగారి మొహం పాలిపోయింది. "బాబూ, తప్పు నాది. కావాలంటే నన్ను ఫెయిల్ చెయ్యండి. పిల్ల రాత్రీ పగలూ చదివింది."

ప్రొఫెసరు కళ్ళద్దాలు పిండుకున్నంత పని చేశాడు. "ఆ గ్యాసుబండ ఎవరిది?"

కంట్రాక్టరు పైకప్పు చూడసాగాడు.

"తలుపులు మూసే ఉంటాయని ఇన్నేళ్ళూ పాఠం చెప్పాను," అన్నాడు ప్రొఫెసరు. "మనుషులుండే మేడలో అలా ఉంటాయో లేదో ఎప్పుడూ చూడలేదు."

కోడలు కళ్ళు తుడుచుకుంది. "అయితే తెరిచే ఉంచుదాం సార్. అయస్కాంతం పట్టుకుంటుంది. పొగ తగిలిందంటే వదిలేస్తుంది."

ఆయన కోటు పిండుకుంటూ ఆలోచించాడు. "మూడు నెలలు టైమిస్తున్నా. తలుపులు మార్చుకో. ఈవిడని మాత్రం మార్చకు."

మూడు నెలలకి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవరూ ఏమీ అడ్డం పెట్టలేదు, తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. అత్తగారు నవ్వుతూ, "రండి బాబూ, రండి," అంది. మోకాళ్ళు కుదుటపడ్డాయని ఆయన మెట్లదారిలోకి అడుగెయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే కోడలు మీట నొక్కింది, పొగ తగిలింది. తలుపు ఆయన మొహం మీదే ధడాలున మూసుకుంది. అవతల మెట్ల మీద గాలి తేటగా ఉంది.

డిగ్రీ వచ్చింది. ఆ తలుపుకి మాత్రం మర్యాద తెలియదని అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంది.