నాలుగు వందల ప్రతుల ఏకాభిప్రాయం

రైను నది ఒడ్డున ఉన్న మా పట్టణంలో అచ్చయ్యే ప్రతి పుస్తకాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అసలు ప్రతితో పోల్చి చూడటానికి ఒక అధికారి ఉండాలని నగరసభ తీర్మానించింది. ఇంత దూరదృష్టి గల సభ జర్మను దేశంలో మరొకటి లేదు. ఆ అధికారిని నేనే కాబట్టి, ఈ మాట నిష్పక్షపాతంగా చెబుతున్నాను.

అంతకుముందు ఇరవై రెండేళ్లు చేత్తో పుస్తకాలకు నకళ్లు రాసి బతికాను. అచ్చుయంత్రం వచ్చాక నన్ను పిలిచేవాళ్లు లేకపోయారు. యంత్రం దెయ్యం పని అని వీధివీధినా చెప్పాను. ఉద్యోగం ఇచ్చిన రోజు నుంచి దేవుడి పని అంటున్నాను.

నా చేతికి వచ్చిన మొదటి పని నగర నిబంధనల పుస్తకం. బుర్కార్ట్ అనే ముద్రాపకుడు నాలుగు వందల ప్రతులు బండి మీద తెచ్చాడు. నేను ఒకటి చదివి రెండోది అందుకోగానే అతను తెల్లబోయాడు.

"అయ్యా, అన్నీ ఒకే అచ్చు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే!"

"అది నువ్వంటే చాలదు. నేను రాసిన నకళ్లలో ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. నాకు అనుభవం ఉంది."

పదకొండు నెలలు చదివాను. ఒకచోట తప్పు దొరికింది. సభ్యులు రొట్టెల దుకాణాల్లో ఉచితంగా రొట్టెలు తీసుకోకూడదని తోలు మీద రాసిన అసలు ప్రతిలో ఉంది. అచ్చులో వద్దనే చిన్న మాట ఒకటి జారిపోయి, తీసుకోవచ్చని పడింది. బుర్కార్ట్ తల పట్టుకున్నాడు.

"తప్పు నాదేనయ్యా. ఆ ఒక్క పుటా మళ్లీ వేసిస్తాను."

ఇద్దరం సభాధ్యక్షులు గోట్‌ఫ్రీడ్ గారి దగ్గరికి వెళ్లాం.

"ఎన్ని ప్రతుల్లో ఉంది?" అన్నారాయన.

"నాలుగు వందలలోనూ అండీ."

"అసలు ప్రతులెన్ని?"

"ఒక్కటే."

"నాలుగు వందలమంది సాక్షులది ఒక మాట, ఒక్కడిది ఒక మాట. ఎవర్ని నమ్ముతావయ్యా?"

"అయ్యా, తప్పు నేనే చేశానంటున్నాను కదా!" అన్నాడు బుర్కార్ట్.

"నీ వినయం మెచ్చుకోదగ్గదే," అని ఆయన నావైపు తిరిగారు. "నీ ఉద్యోగం ఏమిటి?"

"రెంటికీ తేడా లేకుండా చూడటం."

"చూడు మరి."

చూశాను. కత్తి తీసి, తోలు మీద ఆ ఒక్క మాట గీకేశాను. ఇరవై రెండేళ్లలో నా చేతిపనిని ఎవరూ అంతగా పొగడలేదు.

ఆ వారమే పన్నెండుమంది సభ్యుల పనివాళ్లు బుట్టలతో ఓటీలీ రొట్టెల దుకాణం ముందు వరస కట్టారు. ఆమె భర్త పోయాక ఒక్కతే పొయ్యి నడుపుతోంది. చేతులకు పిండితోనే మా ఆఫీసుకు వచ్చింది.

"నాకు చదువు రాదు. తీసుకోకూడదని మా ఆయన ఉన్నప్పుడు మీరే చదివి వినిపించారు. ఆ తోలు ఒకసారి చూపించండి."

చూపించాను. వేలితో తడిమింది.

"ఇక్కడ గరుగ్గా ఉందేమండీ?"

"పాత తోలు కదమ్మా."

"అప్పుడు చదివింది మీకు గుర్తులేదూ?"

"నాలుగు వందల పుస్తకాలు వేరేగా చెబుతున్నాయమ్మా."

"మీతో కలిపి నాలుగు వందల ఒకటి," అని పైబట్ట కింద నుంచి ఒక రొట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"నేను సభ్యుణ్ణి కాను. నాకిది వర్తించదు," అన్నాను, గౌరవంగా.

"ఉంచండి. మళ్లీ వేసే అచ్చులో మీ పేరూ పడుతుంది," అని వెళ్లిపోయింది.

రొట్టె ఇంకా పొగలు కక్కుతోంది. చల్లారేదాకా ముట్టుకోకూడదనుకున్నాను. దానికి చల్లారే అవకాశం దక్కలేదు.