ఎవరిస్తో నడుం నొప్పి

శుక్రవారం పొద్దున్నే ఎవరిస్తోకి నడుం పట్టేసింది. ఆ పేరు ఎవరిచ్చారో గానీ, మనిషికి ఇవ్వడం బొత్తిగా చేతకాదు. పట్టడమే వచ్చు. ఆ పూట నడుం పట్టుకున్నాడు.

"గ్రిసెల్దా! చచ్చానే!"

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. "ఎల్లుండి మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. నీ నడుముకి క్యాలెండరు చూడటం కూడా వచ్చా?"

"నొప్పికి తారీఖులేం తెలుస్తాయి?"

"నీ నొప్పికి తెలుస్తాయి. చెల్లెలి పెళ్ళికి చెవిపోటు. నిరుడు ఈస్టరుకి పన్నుపోటు. ఇప్పుడు నడుం. పైనుంచి వరసగా కిందికి దిగుతోంది. నాన్న ఆబ్దికానికి మోకాలు దాచుకున్నావేమో!"

అసలు సంగతి వేరు. వాళ్ళుండే లనూస్‌లో ఇనుప సామాన్ల కొట్టు వెనక, బొమ్మకార్ల క్లబ్బులో, శని ఆదివారాలు ఏడాది పందెం. పెద్ద చెక్కబల్ల మీద ఆరు రంగుల్లో ఆరు గాడులు, గాడికో గుప్పెడంత కారు, చేతిలో ఒక మీట. మీట నొక్కితే ఆ గాడిలోకి కరెంటు, కారుకి పరుగు. మలుపులో కాస్త ఎక్కువ నొక్కితే గాడి తప్పి గాల్లోకి. ఆడేవాళ్ళందరూ మనవలున్న మగాళ్ళే.

చలికాలమంతా ఎవరిస్తో తన బొమ్మకారుతోనే కాపురం చేశాడు. ముప్పై ఏళ్ళలో పెళ్ళాం జుట్టు మీద చెయ్యి వేసి ఎరగనివాడు, ఆ కారు టైర్లకి నూనె రాసి మునివేళ్ళతో నిమిరాడు.

శనివారం గ్రిసెల్దా వంటలకి సాయం చెయ్యడానికి కీల్మెస్‌లో తల్లి దగ్గరికి వెళ్ళింది. బస్సు మలుపు తిరిగిందో లేదో రోగి మంచం దిగి, మెట్లు రెండేసి చొప్పున దూకాడు. సాయంత్రానికి ఫైనల్లో చోటు దక్కింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆదివారం పొద్దున గ్రిసెల్దా తిరిగొచ్చింది. అనుమానంతో కాదు. మందుల షాపులో నొప్పికి కొత్త లేపనం దొరికితే, రాసి వెళదామని. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే ఉన్నాడు. రాద్దామని దుప్పటి తీస్తే రెండు దిండ్లు. అలమరలో బొమ్మకారు కూడా లేదని చూసి, తిన్నగా క్లబ్బుకి బయల్దేరింది.

క్లబ్బులో అప్పటికి ఫైనల్ మొదలైపోయింది. ఎర్ర గాడిలో ఎవరిస్తో కారు అందరికంటే ముందుంది. పడిపోయిన కార్లని ఎత్తి పెట్టడానికి మలుపు దగ్గర బొజ్జ బాసిలియో నిలబడ్డాడు. గ్రిసెల్దా మొహం చూసి, ఆయన మర్యాదగా తప్పుకొని చోటిచ్చాడు.

ఎవరిస్తో మీట కాస్త ఎక్కువ నొక్కాడు. కారు ఎగిరి పడింది.

"ఎర్ర గాడి కారు! ఎత్తండి! తొందరగా!"

ఎవరూ పెట్టలేదు. తలెత్తి చూశాడు. భార్య చేతిలో కారు, చచ్చిన ఎలకని తోక పట్టుకు ఎత్తినట్టు వేలాడుతోంది.

"గ్రిసెల్దా... ముందు దాన్ని గాడిలో పెట్టు. తర్వాత తిట్టు."

"గాడిలో పెట్టడమా? ముప్పై ఏళ్ళుగా అదే కదా నా పని!"

హాలంతా ఘొల్లుమంది. మిగతా కార్లు చకచకా దాటిపోతున్నాయి.

"చుట్లు పోతున్నాయే తల్లీ!"

"అక్కడ మా అమ్మకి ఏళ్ళు పోతున్నాయి," అని కారు పెట్టింది. పెట్టింది గానీ, పక్కనున్న నీలం గాడిలో పెట్టింది.

ఎవరిస్తో ఎంత నొక్కినా అది కదల్లేదు. నీలం గాడిలో ఆడుతున్న దెల్ఫోర్ తన మీట నొక్కగానే అదీ పరిగెత్తింది, ఆయన కారూ పరిగెత్తింది. ఒకే గాడిలో ఒకదాని వెనక ఒకటి దూసుకెళ్ళి, మలుపులో గుద్దుకుని రెండూ లేచాయి. ఒకటి బాసిలియో బొజ్జకి తగిలింది. రెండోది రిఫరీ తాగుతున్న మాతే కషాయం కప్పులో పడింది. కరెంటు ఆపారు. ఆపి, ఎవరిస్తోని పందెం నుంచి తీసేశారు.

కీల్మెస్ వెళ్ళే బస్సులో అతను అడిగాడు. "మీ అమ్మకి చెప్పేస్తావా?"

"చెప్పను. నీ కోసం కాదు. పండగ పూట ఆవిడకి ఆ నిజం ఎందుకు? నీకు నడుం నొప్పే. సాయంత్రం దాకా కుయ్యో మొర్రోమంటూ పడుండు."

కీల్మెస్‌లో చుట్టాలంతా కలిసి అతన్ని తలుపు చెక్క మీద బోర్లా పడుకోబెట్టారు. బావమరిది కొత్త లేపనం సీసా సగం ఖాళీ చేసి, వీపు ఎర్రగా కందేదాకా తోమాడు. నిప్పుల మీద కాలిన మాంసం పళ్ళేలు ముక్కు ముందునుంచే వెళ్ళాయి.

"ఆయనకి వద్దు. డాక్టరు చారునీళ్ళు తప్ప ఇవ్వద్దన్నాడు," అంది గ్రిసెల్దా.

చారునీళ్ళు తాగాడు.

కేకు కోశాక అత్తగారు దోన్యా ఎర్మెలిందా కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి, పక్కన కుర్చీలో కూర్చుంది. శాలువా తీసి అల్లుడి మీద కప్పింది.

"బాగా నొప్పిగా ఉందా నాయనా?"

"ఉందండీ."

"ఉంటుంది. పోయిన మా ఆయనకీ అంతే. నా పుట్టినరోజు వచ్చేసరికి కచ్చితంగా నడుం పట్టేసేది." ముసలామె శాలువా అంచు సర్దింది. "ఆ నొప్పితోనే, పాపం, రోజంతా నది ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకొచ్చేవాడు. నేను శుభ్రం చేసి వేయించేదాన్ని."

పళ్ళేలు తీస్తున్న గ్రిసెల్దా చెయ్యి ఆగిపోయింది. తల్లి ఆమె వంక చూడలేదు. కూతురు పళ్ళేలన్నీ ఒక్కొక్కటిగా పేర్చుకుని, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పింది.