బంద్ చెయ్యొద్దన్న బండి

ఆదివారం పొద్దున సంతోష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లిదండ్రులను కారులో కూర్చోబెట్టుకుని, జనగామ నుంచి రఘునాథపల్లి అవతలి ఊరికి వెళ్లి, లత అనే అమ్మాయిని చూసి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. వడ్ల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేసే ముప్పై నాలుగేళ్ల వాడికి అంతకన్నా పెద్ద ఆశలు మిగలలేదు. వచ్చిన సంబంధాలన్నీ "పిలగానికి కారన్న లేదా?" అని వెనక్కు పోయాయి. అందుకే ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. ఇది కూడా తప్పితే ఇక పెళ్లి మాట ఎత్తొద్దని ఇంట్లో ఖరాఖండిగా చెప్పేశాడు. చెప్పి గదిలోకి వెళ్లి ఏడ్చిన సంగతి తల్లి అండాలుకు తెలుసు.

తీరా బయలుదేరే వేళకు కారు స్టార్ట్ కాలేదు. మొన్ననే వేయించిన బ్యాటరీ! పక్క వీధి మెకానిక్ టీక్యా వచ్చి, తాళంచెవి తిప్పి చూశాడు.

"అన్నా, గీ బ్యాటరీ బొమ్మున్న ఎర్ర లైటు ఎప్పటిసంది ఎలుగుతుంది?"

"కొన్నప్పటిసంది. లోపల కరెంటు ఫుల్లున్నదన్నట్టే గద?"

"ఇంట్ల స్విచ్‌బోర్డు అనుకున్నవా? బండి నడుస్తుంటె గది ఎలిగిందంటే డైనమో సచ్చిందన్నట్టు. బ్యాటరీకి తిండి పెట్టేది డైనమోనే. పెట్టేటోడు లేక నీ బ్యాటరీ ఉపాసముంటుంది."

ఆ ఉపవాసానికి సంతోష్ అప్పటికే రెండు బ్యాటరీలను బలిచ్చాడు. కొత్త డైనమో మధ్యాహ్నం గాని హైదరాబాద్ నుంచి రాదు. పంతులు చెప్పిన ఘడియేమో మధ్యాహ్నం దాకా ఆగదు. టీక్యా తన బ్యాటరీకి వైర్లు తగిలించి ఎలాగో ఇంజను లేపాడు.

"ఇంటికి మళ్లొచ్చేదాక బంద్ చెయ్యకు. ఏసీ వద్దు, పాటలు వద్దు, హారన్ గుడ కొట్టకు. బంద్ చేసినవా, నూకాల్సిందే."

హైవే మీద అందరూ తమ దారిన తాము పోయారు గాని, ఊరి దారిలో బర్రెలు ఎదురయ్యాయి. తండ్రి ఆగయ్య కిటికీలోంచి తల బయటపెట్టి హారన్ పని తానే చేశాడు. "ఓ బర్రెలాయనా! జరుగు! జర జరుగయ్యా!" అమ్మాయి ఊరు చేరేసరికి ఆయన గొంతు పోయింది.

"కారు సంగతి అక్కడ ఎత్తకుండ్రి. మనకున్న మంచి పేరు గదొక్కటే," అని సంతోష్ ముందే దండం పెట్టాడు. కారును వాకిట్లో నిలిపి, ఇంజను నడుస్తుండగానే దిగాడు. లత తండ్రి మొండయ్య ఎదురొచ్చి మంచినీళ్లిచ్చాడు. మంచం మీద కూర్చున్న ఆయన తల్లి గట్టమ్మ మాత్రం వాకిట్లోని కారు వైపే చూస్తోంది.

లత చాయ్ తెచ్చింది. ఇంజను మోతలో ఏమడిగినా వినబడటం లేదు.

"ఏం చదివినవు?" అని సంతోష్ అరిచాడు.

"డిగ్రీ!" అని లత అంతకన్నా గట్టిగా అరిచింది. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. పొగంతా ఇంట్లోకి వచ్చి గట్టమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే ఆమె అడిగింది.

"ఇంజన్ బంద్ చెయ్యకుండనే కూసున్నరేంది? పిల్లను చూస్తందుకు వచ్చిండ్రా, పేపరేసి పోతందుకు వచ్చిండ్రా?"

మొండయ్య ముఖం మాడిపోయింది. "మా పిల్ల నచ్చకుంటే నచ్చలేదనుండ్రి బావా. గిట్ల పోతందుకు రెడీగ కూసునుడు మర్యాద గాదు."

ఆగయ్య ఏదో చెప్పబోయాడు గాని గొంతు పెగల్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతోష్ లతను చూశాడు. ఆ అమ్మాయి తల దించుకుని ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడింది. అది చూడలేక అతను లేచి వెళ్లి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి చచ్చిపోయింది. సొంత చేతులతో తన పెళ్లికి తానే నీళ్లు వదులుకున్నానని అతనికి అర్థమైంది.

లోపల మాత్రం మొండయ్య ముఖం విప్పారింది. మాటలు సాగాయి. చివరికి, "రేపు ఫోన్ చేసి చెప్తం," అన్నాడు. అండాలు బొట్టు పెట్టించుకుని వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. సంతోష్ తాళంచెవి తిప్పాడు. కారు "టిక్" అంది, అంతే. ఇక దాచడానికేమీ లేక, డైనమో కథంతా చెప్పేశాడు.

"అవ్వా, జర దిగు. నూకాలె," అని తల్లిని బతిమాలాడు.

"బొట్టు పెట్టించుకొని బండెక్కినంక దిగుతరా? అపశకునం గాదుర?"

అసలే అండాలు మనిషి బరువు, పైగా వాకిట్లో ఇసుక. మొండయ్య, మోకాళ్ల నొప్పుల ఆగయ్య చాలరు. సంతోష్ తోస్తే స్టీరింగు పట్టేవాళ్లు లేరు.

"నేను కూసుంట. ట్రాక్టర్ నడుపుత గద," అంది లత.

"రెండో గేర్ల పెట్టి క్లచ్ వదులు. లేసినంక మాత్రం, ఏమైనగానీ, ఆపకు!" అన్నాడు సంతోష్.

ముగ్గురు మగవాళ్లూ ఊపిరి బిగబట్టి తోశారు. కారు ఎగిరి, దగ్గి, లేచింది. లత ఆపలేదు. వీధి మలుపు తిరిగింది, ఇంకా ఆపలేదు. హైవే ఎక్కింది. అక్కడ వెనక్కి తిరగనివ్వని డివైడరు, వెనక సీట్లో "ఆపకు బిడ్డా, ఆపకు" అంటున్న అండాలు. ఇసుకలో బోర్లాపడ్డ సంతోష్ తలెత్తేసరికి వాకిట్లో పొగ తప్ప ఏమీ లేదు.

అతను అరుగు మీద కూలబడ్డాడు. పిల్లను ఎత్తుకుపోయిన సంబంధాన్ని ఎవరు ఒప్పుకుంటారు? వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, అతన్ని కింది నుంచి పైదాకా చూసి, గట్టమ్మ చెవిలో ఏదో చెప్పి పోతున్నారు. అండాలుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. మధ్యాహ్నమైంది. బతుకు మీద సంతోష్‌కు ఆశ పూర్తిగా చచ్చిపోయింది.

అప్పుడు అండాలు ఫోన్ నుంచి ఆగయ్యకు కాల్ వచ్చింది. ఆయనకు గొంతు లేదు కనుక స్పీకరు పెట్టి మొండయ్య ముందు పట్టుకున్నాడు.

"నాయినా, నేను లతను. టీక్యన్న దగ్గరున్నం. కొత్త డైనమో వచ్చింది, ఏపిస్తున్న. అత్తమ్మ చాయ్ తాగుతుంది. పొద్దుగాల్నుంచి ఆయన ఏమన్న తిన్నడో లేదో, జర ఆయనకు అన్నం పెట్టు."

మొండయ్య కళ్లు తుడుచుకుని లోపలికి కేకేశాడు. "అల్లునికి కాళ్లు కడుక్కుంటందుకు నీళ్లియ్యుండ్రి!"

పెళ్లిచూపులకు వెళ్లి, పిల్లను ముందుగా తన ఊరికి పంపించి, తాను వెనకాల బస్సులో ఇల్లు చేరిన వరుడు ఆ మండలంలో సంతోష్ ఒక్కడే.