ముళ్ళపంది బొరియ కేసు

ఒక పెద్ద అడవిలో, పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముక్క రాసి ఎరగని ముళ్ళపంది ఒకతె, ఒకరోజు పొద్దున్నే అర్జీ రాయడానికి కూర్చుంది.

పేరు నాంచారమ్మ. ఒంటినిండా కలాలే గానీ, చదువు రెండో తరగతితో ఆగిపోయింది. వీపు మీది ముల్లు ఒకటి పీకి, నేరేడు పండు రసంలో ముంచి, టేకాకు మీద ఇలా రాసింది:

"అయ్యా, నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. తప్పులుంటే మన్నించాలి. నా బొరియ నాకు ఇప్పించాలి."

ఇంకేం రాయాలో తోచక, కింద పాదం అద్ది ఊరుకుంది.

ఆ బొరియ ఆమె సొంత గోళ్ళతో తవ్వుకున్నదే. పురిటికి పుట్టింటికి వెళుతూ, ఖాళీగా పాడుబెట్టడం ఎందుకని జంబుకేశం అనే నక్కకు మూడు పున్నములు అద్దెకిచ్చింది. ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి, నక్క గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"రా అక్కయ్యా! పిల్లలు ముద్దుగా ఉన్నారు. లోపలికి రమ్మందామంటే మా ఆవిడ నిద్రపోతోంది."

"గడువు అయిపోయింది కదా తమ్ముడూ. ఖాళీ చేస్తే..."

"చేస్తాను. చేయనంటే కదా! కాకపోతే చట్టప్రకారం రా అక్కయ్యా. నీకూ మర్యాద, నాకూ మర్యాద."

అందుకే ఆ అర్జీ.

కొండ కింద గుహలో కోర్టు. ఎలుగుబంటి జడ్జిగారు. అడవికోడి బంట్రోతు.

"మూడుసార్లు పిలుస్తాను," అంది కోడి, అర్జీని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "మూడో పిలుపుకి పలక్కపోతే కేసు కొట్టేస్తారు."

"ఎప్పుడు పిలుస్తావు నాయనా?"

"అది తెలిస్తే నేనే జడ్జినయ్యేవాణ్ణి."

నాంచారమ్మకు నలుగురిలో నోరు పెగలదు. సిగ్గేస్తే చాలు, ముళ్ళన్నీ లేచి నిలబడతాయి, పక్కనున్నవాళ్ళు పరుగో పరుగు. ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి "ఉన్నానండీ" అని కేకేయడం తన వల్ల అయ్యే పని కాదని, పిల్లలిద్దరితో గుహ వసారాలోనే ఒక మూల చేరింది. పొమ్మనడానికి ఎవరూ దగ్గరికి పోలేదు.

కేసు నడిచింది. మొదటి వాయిదాకు నక్కకు గొంతు నొప్పి. రెండో వాయిదాకు నక్కగారి అత్తగారు పోయింది. తర్వాత రెండు పున్నములు జడ్జిగారికి తేనె సెలవులు. ఆ పై వాయిదాకు నక్కగారి అత్తగారు మళ్ళీ పోయింది.

వానాకాలమంతా వసారాలోకి జల్లు కొట్టింది. చిన్న పిల్లకు దగ్గు పట్టుకుంది. పిల్లలు మొదట నేర్చిన మాట "అమ్మ", రెండోది "వాయిదా".

"పోనీ ఇంకెక్కడైనా తవ్వుకోరాదుటమ్మా?" అంది కోడి, జాలిపడి.

"తవ్వుకుంటూ ఉండగా పిలిస్తేనో?" అంది నాంచారమ్మ.

పన్నెండో పున్నమి దాటింది. ఆకాశంలో మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. పిల్ల దగ్గు తగ్గలేదు. ఈ వానలకు ముందే బొరియ చేరకపోతే పిల్ల దక్కదని తల్లికి తెలుసు.

ఆ రోజు నక్క గొంతు నొప్పి లేకుండా వచ్చింది. అత్తగారు కూడా క్షేమమే.

"అయ్యా, నలభై రెండో సెక్షన్ చిత్తగించండి. ఎవరైనా ఒక చోట, అద్దె గడువంటూ లేకుండా, పన్నెండు పున్నములు కాపురముంటే ఆ చోటు వాళ్ళదే. నా గడువు తీరి నిన్నటితో పన్నెండు నిండాయి."

జడ్జిగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "నిండాయి. బొరియ నక్కదే. కేసు కొట్టివేయడమైనది."

నక్క వెనక్కి తిరిగి, "ఏమనుకోకు అక్కయ్యా, చట్టం," అంది.

నాంచారమ్మ ముళ్ళన్నీ లేచాయి. పిల్ల దగ్గింది. ఆ దగ్గు వింటూ, జన్మలో మొదటిసారి, ఆమె నలుగురిలో నోరు విప్పింది.

"నాకు తెలియక అడుగుతాను బాబుగారూ. నేను అర్జీ ఇచ్చిందీ, ఈ వసారాలో చేరిందీ ఆ గడువు తీరిన రోజే కదా. మాకూ నిన్నటితో పన్నెండు నిండాయి. మరి ఈ గుహ ఎవరిది?"

కోడి రిజిస్టరు తీసింది. ప్రతి పేజీలోనూ ఒకటే మాట: ఫిర్యాది హాజరు.

"అమ్మా," అన్నారు జడ్జిగారు, కుర్చీ గట్టిగా పట్టుకుని, "నన్ను వెళ్ళమంటారా?"

"అంత మాట ఎందుకు బాబూ. నా బొరియ నాకుంటే, నాకీ గుహతో పనేముంది?"

జడ్జిగారు తీర్పు ఆకు వెనక్కి లాక్కున్నారు. కింద ఒక వాక్యం చేర్చారు: "వాయిదాలు అడిగి కాలం నెట్టుకొచ్చినవారికి ఈ సెక్షన్ చెల్లదు. నక్క పొద్దుగూకేలోగా ఖాళీ చేయవలెను."

"అయ్యా, ఒక్క వాయిదా! మా అత్తగారు..."

"మళ్ళీ పోయిందా?"

పొద్దుగూకకముందే, కోర్టు జవాన్లయిన రెండు అడవిపందులు దగ్గరుండి నక్క సంసారాన్ని బయటికి నడిపించాయి. నాంచారమ్మ పిల్లల్ని తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కోడి నెమ్మదిగా అంది: "అయ్యా, రిజిస్టరంతా చూశాను. ఆవిడ ఒక్క వాయిదా కూడా అడగలేదు."

తేనెపట్టు వైపు చాచిన జడ్జిగారి చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న పిల్ల దగ్గకుండా నిద్రపోతుంటే, నాంచారమ్మ గుమ్మం చిమ్ముకుని కోర్టుకు వచ్చింది. వీపు మీది ముల్లు పీకి, టేకాకు మీద రాసింది:

"అయ్యా, నేను రాయడం ఇది రెండోసారి. తప్పులుంటే మన్నించాలి. ఈ గుహ కోర్టువారికి అద్దెకు ఇవ్వడమైనది. గడువు పన్నెండు పున్నములు."

ఒకసారి చదువుకుని, పన్నెండు కొట్టేసి పదకొండు చేసింది. గుహ గుమ్మానికి వేలాడే తీగకు ఆకును అదే ముల్లుతో గుచ్చి, ఎవరూ చూడకముందే వెళ్ళిపోయింది.

నీతి: న్యాయం కావాలంటే కోర్టు మెట్లు ఎక్కితే చాలదు, దిగకూడదు.