కాలమ్ లేని బువ్వ

ఆడవాళ్ల బరువును ఆసాంతం అర్థం చేసుకున్న సంస్థ ఈ భూమ్మీద ఒక్కటే ఉందనీ, అది మా మహిళా బరువు తగ్గింపు విభాగమేననీ, అందులో గుమాస్తాగా సవినయంగా మనవి చేస్తున్నాను. తిరుమలగిరిలో మా కార్యాలయం ఒక కిరాయి ఇంటి రెండో అంతస్తులో ఉంది. (మోకాళ్ల నొప్పులతో వచ్చేవారికి మెట్లెక్కడం మంచి వ్యాయామమని పై అధికారుల అభిప్రాయం.)

మా దగ్గర పేరు రాయించుకున్న నాగరాణికి మోకాలి చిప్ప అరిగిపోయింది. గొర్రెల వెంట నడవలేదు, కింద కూర్చుంటే లేవలేదు. ఆపరేషన్ చేయాలంటే డెబ్బై కిలోల లోపు ఉండాలని దవాఖానలో షరతు పెట్టారు. ఉన్నట్టు పత్రం మేమివ్వాలి. కాంటా ఎక్కిన రోజు నుంచి పత్రం పదిహేను రోజులు చెల్లుతుంది. దాని మీద సంతకం కావడానికి నలభై రోజులు పడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, రెండు నియమాలూ వేర్వేరు గదుల్లో తయారయ్యాయి.

మొదటిసారి ఆమె డెబ్బై ఎనిమిది నుంచి అరవై తొమ్మిదికి దిగింది. పొద్దున జొన్న గటక, సాయంత్రం మజ్జిగ, మధ్యలో కళ్లు తిరగడం. సంతకం వచ్చేసరికి గడువు దాటింది, ఆమె ఎనభైకి చేరింది. రెండోసారి మళ్లీ అరవై తొమ్మిది, ఆ తర్వాత ఎనభై ఒకటి. మూడోసారీ అంతే, ఇప్పుడు ఎనభై రెండు. మా రిజిస్టరులో తగ్గిన బరువుకు కాలమ్ ఉంది, పెరిగినదానికి లేదు. మూడుసార్లూ కలిపి ముప్పై రెండు కిలోలు తగ్గినందున రికార్డు ప్రకారం ఆమె బరువు నలభై ఆరు. (పత్రానికి మాత్రం కాంటానే నమ్ముతారు.) నలభై ఆరు చూసి కంగారుపడిన బలహీన మహిళల విభాగం ఆమెకు నెలనెలా పల్లీపట్టీలు పంపుతోంది.

ఈ సంగతి తేల్చాలని మా సలహాదారు మెర్సీ ఫారం ముందేసుకుని కూర్చుంది.

“అక్కా, నిన్న ఏమేం తిన్నవో చెప్పు, రాసుకుంట.”

“పొద్దుగాల చాయ్ తాగిన. తర్వాత ఏం తినలే మేడం.”

“మరి గింత బరువు ఎట్ల పెరిగినవ్?”

“పిల్లలు ఇడిసిపెట్టిన బువ్వ పారేస్తమా? గిన్నెకంటింది గోకి నోట్లేసుకున్న. గా పట్టీల ముక్కలు గూడ. గది తినుడు ఎట్లయితది? గది గిన్నెలు తోముడు.”

మెర్సీ ఫారమంతా వెతికింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఉన్నాయి, తోముడు లేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక పై అధికారి ప్రేమ్‌సాగర్ గారికి లేఖ రాశాను. ఆయన వెంటనే (తొమ్మిది వారాల్లో) ఉత్తర్వు ఇచ్చారు. నాగరాణి అందరికంటే ముందు కంచంలో వడ్డించుకుని తినాలి. మిగిలింది ఇంట్లో మరొకరు తినాలి. ఆ మరొకరి పేరు రాసి పంపితేనే ఆపరేషన్‌కు తేదీ.

ఉత్తర్వు పట్టుకుని మెర్సీ, నేనూ వాళ్లింటికి వెళ్లాం. అత్త గోపమ్మ శ్రద్ధగా విన్నది.

“మా అత్త తిన్నది, నేను తిన్న, గిప్పుడు గీమె తింటాంది. నాకు షుగరొచ్చినంక ఇడిసిపెట్టిన” అన్నది.

భర్త మల్లేశ్ తల ఊపాడు. “మంచి మాటే చెప్పిన్రు సార్. నాకైతే ఎంగిలి పడదు.”

“పోనీ కుక్కకు పెట్టున్రి” అన్నది మెర్సీ.

“వద్దు మేడం. లావైతాందని పశువుల డాక్టరు చెప్పిండు. గా రోజు నుంచే బంద్ పెట్టినం” అన్నాడు మల్లేశ్.

(కుక్క నిజంగానే సన్నగా, హుషారుగా ఉంది. ఆ డాక్టరు దగ్గర ఫారాలు లేవట.)

పేరు లేకుండా ఫైలు కదలదు. మేం నలుగురం చాలాసేపు చర్చించాం. నాగరాణి గోడ పట్టుకుని లేచి, మేం తాగిన చాయ్ గ్లాసులు ఏరుకుంది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. చివరికి అందరికీ సమ్మతమైన వాక్యం ఒకటి దొరికింది. శాశ్వత నియామకం జరిగే వరకు మిగిలిన బువ్వ తినే సదరు అదనపు బాధ్యతలు నాగరాణికే అప్పగించడమైనది. మోకాలి సంగతి నియామకం తర్వాత చూస్తారు.